కాగితాల్లో ముత్తైదువ

రాజనర్సు కరోనాతో పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు! ఆ ఇరవై రెండు రోజుల్లో కరుణ ఒక్కసారి కూడా గడప దాటలేదు. కడోదరా మిల్లు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది కాబట్టి ఇవాళ తప్పలేదు. "పోయినాయన భార్య వచ్చి పింఛను కాగితాల మీద సంతకం పెట్టాలి" అన్నాడు అక్కడి గుమాస్తా హిందీలో. బొట్టు లేని ముఖం చూసుకునే ధైర్యం లేక, అద్దానికి వీపు పెట్టి కొంగు సర్దుకుంది. మూతికి మాస్కు కట్టుకుని తలుపు తీసింది. తీసి, అక్కడే కొయ్యబారిపోయింది! ఎదురు గది ముందు తోటికోడలు కనకవ్వ కూడా బయల్దేరి నిలబడి ఉంది. ఎప్పుడూ రవిక మీద పడి ఉండే పుస్తెలు ఇవాళ లోపలికి పోయాయి. మాస్కు కళ్ళ దాకా లాక్కుంది. కొంగేమో గుజరాతీ కోడళ్ళలా నుదురు మీదికి దించుకుంది. సూరత్ గోడాదరాలో ఇన్నేళ్ళున్నా కనకవ్వ నెత్తిన కొంగేసుకున్న మనిషి కాదు. బొట్టు తుడుచుకోవడానికి చేతులు రాక, అది కనపడకుండా కప్పుకుంది మహాతల్లి!

"ఎటు పోతున్నవక్కా?" అంది కరుణ.

కనకవ్వ నేల చూపులు చూసింది. వెనకనుంచి ఆమె భర్త సోమలింగం గొంతు వినిపించింది. "మిల్లుకు. సంతకం పెట్టనీకి."

"సంతకానికి నేను పోతున్న గద బావా! ఫోను నాకే వచ్చింది!"

"ఫోను నీకే వచ్చింది కరుణా... కాగితంల నీ పేరు లేదు."

సోమలింగం చేతిలో ఉన్న కాగితం అందుకుంది. అది మరణ ధ్రువపత్రం. దవాఖాన నుంచి, మున్సిపాలిటీ నుంచి కాగితాలన్నీ తెచ్చింది బావే. మంచం దిగని మరదలికి చూపించడమెందుకని ఆయనే దాచిపెట్టాడు. గుజరాతీ అక్షరాలు కరుణకు రావు. ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు రుచిత పక్కనే నిలబడి చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మమ్మీ... దీంట్ల బాపు పేరు లేదు. పెద్దబాపు పేరుంది. పెద్దబాపు చనిపోయిండని ఉంది. పత్నీ అన్న దగ్గర పెద్దమ్మ పేరుంది..."

పదిహేనేళ్ళు కాపురం చేసిన మనిషి ఊపిరందక గిలగిల్లాడి పోతే, చివరిచూపుకు ప్లాస్టిక్ సంచి తప్ప ముఖం కూడా దక్కకపోతే, ఆ చావు కూడా తన మొగుడిది కాకుండా పోయిందా! కాగితం లెక్కన రాజనర్సు బతికే ఉన్నాడు. కాగితం లెక్కన తను ముత్తైదువ! పుస్తెలు తీసి గూట్లో పెట్టిన తను ముత్తైదువ, పుస్తెలు రవికలో దాచిన కనకవ్వ విధవ! ఏడవాలో నవ్వాలో తెలియక ఆ ఇల్లాలు గడప మీదే కూలబడిపోయింది.

ఇదంతా ఇరవై మూడేళ్ళ కిందటి తెలివి. సిరిసిల్ల దగ్గరి ఊళ్ళో మగ్గాలు మూలపడ్డ రోజులు. ఇంటికొకడు చొప్పున సూరత్ రైలెక్కుతున్నారు. మిల్లులో పద్దెనిమిదేళ్ళు నిండితే గాని పర్మనెంటు చెయ్యరు. రాజనర్సుకు అప్పటికి పదిహేనే! పెద్దవాడు సోమలింగానికి ఇరవై ఒకటి గాని, కొత్తగా పెళ్ళైనవాడు, ఊరొదిలి రానన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక. అత్త బాలవ్వ చేసిన పనేమిటంటే, పెద్దకొడుకు బడి సర్టిఫికెట్టు, రేషన్ కార్డు నకలు చిన్నకొడుకు జేబులో పెట్టి రైలెక్కించింది. "అన్న పేరైతేంది, తమ్ముని పేరైతేంది, ఒక్క కడుపున పుట్టినోళ్ళే గద" అంది. మిల్లు గుమాస్తా రేషన్ కార్డు చూసి పేరు సోమలింగమని, భార్య కనకవ్వని గీకి పారేశాడు. మీసాలు రాని పోరడికి ఆ రోజు నుంచీ వదినెగారు భార్య! అప్పుడందరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత పి.ఎఫ్. అదే పేరు మీద, ఈ.ఎస్.ఐ. కార్డు అదే పేరు మీద, ఆధార్ వస్తే అది కూడా అదే పేరు మీద! పెళ్ళైన కొత్తలో కరుణ అన్నం డబ్బా ఇవ్వడానికి మిల్లు గేటు దగ్గరికి వెళ్తే, "సోమ్‌లింగ్ కీ ఘర్‌వాలీ ఆయీ" అని వాచ్‌మన్ కేకేసేవాడు. బావ పెళ్ళామని పిలుస్తుంటే సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది పిచ్చిది! పేరు మార్పించుకొమ్మని ఒకటి రెండుసార్లు అడిగింది కూడా. "కదిలిస్తే నౌకరీ పోతది, రిటైరైనంక చూద్దాం" అనేవాడు రాజనర్సు. ముప్పై ఎనిమిదేళ్ళకే రిటైరవుతానని అతనికేం తెలుసు!

"మిల్లుల చెప్పుదాం బావా! నువ్వు బతికున్నవ్ గద! నువ్వొచ్చి నిలబడి, పోయింది మా తమ్ముడని ఒక్క మాట చెప్పు..." అంది కరుణ గడప మీద నుంచే.

సోమలింగం ముఖం నల్లబడింది. ఆ మనిషి నోటివెంట అంత విషం వస్తుందని కరుణ ఏనాడూ అనుకోలేదు.

"ఇరవై మూడేండ్లు నా పేరు ఎవలు మోసిండ్రు? నీ మొగడు! వాడు పర్మనెంటు, వానికి బోనస్, వానికి దవాఖాన. నేనూ ఈడికి వచ్చి పదేండ్లాయె. ఏ మిల్లుకు పోయినా, సోమలింగమని కాగితం పెడ్తే ఆ పేరు మీద ఇదివరకే పి.ఎఫ్. నడుస్తున్నది, నువ్వెవడివిర దొంగనాకొడుకా అన్నరు! కాగితమడగని కార్ఖానాలల్ల, రేకుల షెడ్లల్ల నా పాణం అరిగింది. నాకేమున్నది కరుణా? నా పేరు నాకు లేదు. ఇగ ఇప్పుడు సచ్చినని రాసిండ్రు. సచ్చినోని లెక్కనే ఉంట! నా పెండ్లానికి పింఛనొస్తది. అండ్లకెళ్ళి నీకూ పోరికీ ఇంత పెడ్త. మేమేమన్న పరాయోళ్ళమా?"

బావ మాటల్లో అబద్ధం లేదు! బావకు అన్యాయం జరిగిన మాట నిజం. ఆ అన్యాయపు అన్నంలో తనూ ఓ ముద్ద తిన్న మాట కూడా నిజం. కానీ... కానీ మొగుడు పోయాడని చెప్పుకునే హక్కు కూడా వేరొకరి చేతిలో పెట్టి, నెలనెలా ఎదురు గది ముందు చెయ్యి చాచి నిలబడాలా?

"నాకు పైసలియ్యకున్నా మంచిదే బావా! నా మొగడు తన పేరు మీదనే సావాలె! ఎవరో తెల్వనోని లెక్క పోవద్దు!" అని గొంతు చించుకుని ఏడ్చింది. కనకవ్వ ఆ రోజు మిల్లుకు పోలేదు. అలాగని పుస్తెలు బయటికి తీయనూ లేదు.

కుల సంఘం పెద్ద లక్ష్మీరాజం దగ్గరికి వెళ్తే, ఆయన తాపీగా తాంబూలం నమిలి, "ఇంటి ముచ్చట బజార్ల పెట్టకు బిడ్డా. కేసంటే మొదలు బయటపడేది నీ మొగని దొంగపేరే. సచ్చినోన్ని పోలీసుల నోట్లె ఎందుకు పెడ్తవ్?" అన్నాడు. కోర్టు ముందర టైపు మిషన్ పెట్టుకుని కూర్చున్నతను వకీలు ఫీజు ఎంతవుతుందో చెప్పేసరికి, రుచిత తల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఊళ్ళో అన్న రాజమల్లుకు ఫోను చేస్తే, "మేమే కరోనాతోని సస్తున్నం చెల్లే" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నలుగురూ ఉన్నారనుకున్నది ఇన్నాళ్ళూ!

దారి దొరికింది టీకా లైన్లో. గోడాదరా స్కూల్లో టీకాలు వేస్తున్నారంటే వెళ్ళింది. వరండా చివర ఓ బల్ల, బల్ల వెనక గోడకు 'ఉచిత న్యాయ సహాయం' అని హిందీలో, గుజరాతీలో రాసిన గుడ్డ. రుచిత చదివి చెప్పింది. ఊరికే వచ్చేది ఏదీ మంచిది కాదని కరుణ అటు చూడనే లేదు. టీకా వేయించుకుని కూతురితో తెలుగులో ఏదో అంటుంటే, బల్ల వెనక నల్లకోటు పిల్ల చటుక్కున తలెత్తింది.

"మనోళ్ళేనా అక్కా? బెసో, బెసో... కూసోండి!"

ఆ పిల్ల పేరు సంధ్య. తండ్రి మగ్గాల మీద పనిచేసి చదివించాడట. పుట్టింది పెరిగింది సూరత్‌లోనే, ఉండేది ఆల్థాన్‌లో. న్యాయసేవా కేంద్రం తరఫున ఫీజు తీసుకోకుండా కేసులు చూస్తుంది. కరుణ మొదలుపెట్టింది ఎక్కడో, ముగించింది ఎక్కడో. మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. సంధ్య గబగబా రాసుకుంటూ పోయిందే గాని, ఒక్కసారి కూడా అయ్యో పాపమనలేదు. అదే కరుణకు నచ్చింది.

"చూడక్కా, ఆడోళ్ళకు ఇందుల ఆమ్దానీ, రాబడి ఎంతని అడగరు. పేదోళ్ళమని సర్టిఫికెట్ కూడా అవసరం లేదు. తెల్లకాగితం మీద దరఖాస్తు చాలు. ఫస్ట్ పని మరణ రికార్డు దిద్దించుడు. ఊళ్ళ బడి రికార్డు, పాత రేషన్ కార్డు, మీ పెండ్లి ఫోటో తెప్పిద్దాం. అన్నింటికన్న పెద్ద సాక్ష్యం మీ బావ. బతికున్న మనిషి వచ్చి బతికున్న అంటే అయిపోతది."

"పోలీసు కేసైతదంటున్నరు మేడం... మా ఆయన దొంగపేరు..."

"పోలీసులు అడగొచ్చు. అడగరని చెప్ప. అడిగితే నేనే నిలబడ్త. పదిహేనేండ్ల పిల్లగానితోని ఇంట్ల పెద్దోళ్ళు చేయించిన పని అది. పింఛను సంగతి మాత్రం వాయిదా చెయ్యలేను అక్కా. అంటే... మాట ఇయ్యలేను. పి.ఎఫ్. వాళ్ళు పూరా జాంచ్ చేస్తరు, అన్నీ తవ్వి చూస్తరు. రావొచ్చు, రాకపోవచ్చు."

ఇన్ని రోజుల్లో రాదేమోనని ముఖం మీద చెప్పిన మొదటి మనిషి! ఆ మాటతోనే ఆమె మీద నమ్మకం కుదిరింది కరుణకు.

కేంద్రం నుంచి సోమలింగానికి పిలుపు వెళ్ళింది. కోర్టు కాదు, కూర్చుని మాట్లాడుకోవడమే. అతను రానన్నాడు, మళ్ళీ వస్తానన్నాడు. వచ్చిన రోజు గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎక్కడ, ఎవరు నేర్పారో గాని, ఏం చెప్పాలో బాగా నేర్చుకుని వచ్చాడు! బల్లకు ఒక పక్క కరుణ, ఇంకో పక్క ఆలుమగలు. సంధ్య కాగితాలు సర్దుకుని మొదటి ప్రశ్న అడిగింది.

"మీ పేరు?"

సోమలింగం చొక్కా కాలరు సర్దుకున్నాడు. "రాజనర్సు."

కనకవ్వ దిగ్గున మొగుడి వైపు తిరిగింది. ఈ మాట అంటాడని ఆమెకు కూడా చెప్పలేదు!

"నేను రాజనర్సును. పోయింది మా అన్న సోమలింగం" అన్నాడతను మళ్ళీ, గోడ వైపు చూస్తూ.

కరుణ కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడింది. "బావా! నువ్వు రాజనర్సువైతే నేనెవరిని నీకు? చెప్పు! నేను నీ పెండ్లాన్నా? నా పెండ్లిల తండ్రి లెక్క ముందల నడిచినవ్... నీ ఎదురంగ ఇప్పటిదాక మంచం మీద కూసోలె నేను! ఆ నోటితోని గా మాట ఎట్లొచ్చింది బావా... రుచిత నీ బిడ్డనా? నువ్వు కన్నవా దాన్ని?" చెంపల మీద టపటపా కొట్టుకుంది. సంధ్య లేచి వచ్చి చేతులు పట్టుకుంది.

సోమలింగం తల ఎత్తలేదు. మాట వెనక్కి కూడా తీసుకోలేదు.

సంధ్య ఆయనను వదిలేసింది. కనకవ్వ ముందుకు కుర్చీ జరుపుకుని, నెమ్మదిగా అడిగింది. "అమ్మా, మీరు చెప్పండి. ఈ పింఛను కాగితం మీ పేరు మీద పోవాలె. మీరు సంతకం పెడితే సరిపోదు, నా ముందు నోటితోని అనాలె. పోయిన మీ భర్త పేరేంది? ఆయన ఎప్పుడు చనిపోయిండు?"

ఎంత చిన్న ప్రశ్న! కనకవ్వ వేలిముద్ర వెయ్యమంటే వేసేది. సంతకం గీకమంటే గీకేది. ఆ కాగితంలో ఏముందో గుజరాతీలో ఉంది కాబట్టి తనది కాదని సర్దుకునేది. కాని నోటితో చెప్పాలట! పెళ్ళై ఇరవై మూడేళ్ళలో ఆ ఇల్లాలు మొగుడి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. పెళ్ళినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే ఏడ్చి గోల చేసిందే గాని చెప్పలేదు. రేషన్ దుకాణంలో అడిగితే పక్కావిడ చేత చెప్పించేది. అంత పదిలంగా దాచుకున్న పేరు! ఇప్పుడు మొట్టమొదటిసారి పలికి, దాని పక్కన ఆ మాట పెట్టాలి... పక్కనే మొగుడు ఊపిరి పీలుస్తూ కూర్చుని ఉండగా!

"అనవే" అన్నాడు సోమలింగం పళ్ళ సందున.

కనకవ్వ రెండు చేతులతో నెత్తి మీద కొంగు వెనక్కి తోసేసింది. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు! రవికలోంచి పుస్తెలు బయటికి లాగి కళ్ళకద్దుకుంది.

"నాతోని కాదు! పింఛను మన్నువడ! మేడం, నా మొగడు సావలేదు... గిదిగో నా పక్కపొంటి కూసున్నడు! గీనే..." ఒక్క క్షణం ఆగి, కళ్ళు గట్టిగా మూసుకుని అనేసింది. "గీనే సోమలింగం! పోయింది నా మరిది. రాజనర్సు. నా చేతులతోని అన్నం పెట్టిన పోరడు... నన్ను వదినె అని పిలుస్తుండె, అమ్మ లెక్క చూస్తుండె... వాని సావు నేను తింటనా!"

అని బల్ల మీద తల పెట్టి భోరుమంది. సోమలింగం, తను బతికే ఉన్నానన్న కాగితం మీద సంధ్య చూపించిన చోట సంతకం పెట్టాడు. సొంత పేరు రాయడం అలవాటు తప్పిన చెయ్యి కాబోలు, రెండుసార్లు ఆగింది. లేచి వెళ్ళిపోతూ పెళ్ళాన్ని పిలవలేదు. కనకవ్వ, కరుణ ఒకే ఆటోలో, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఇంటికొచ్చారు.

ఐదు నెలలు పట్టింది. ఎన్నో సంతకాలు, ఎన్నో లైన్లు! ప్రతి లైన్లోనూ సంధ్య ముందుంది. చివరికి కొత్త ధ్రువపత్రం వచ్చింది. పోయినవారి పేరు రాజనర్సు. భార్య పేరు కరుణ. రుచిత ఒక్కో అక్షరం వేలు పెట్టి చూపించింది. దాన్ని గుండెలకు హత్తుకుని కరుణ హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం ఉలిక్కిపడింది. మొగుడు చచ్చాడని తేలినందుకు సంతోషించే రాత ఏ ఆడదానికైనా ఉంటుందా! పింఛను మాత్రం రాలేదు. జాంచ్ జరుగుతోందన్నారు. ఇప్పటికీ జరుగుతూనే ఉంది. కరుణ ఇంట్లోనే కూర్చుని చీరల అంచులకు రాళ్ళు అతికిస్తోంది. ఎదురు గదిలో సోమలింగం భార్యతో మాట్లాడటం మానేశాడు. పింఛను పోగొట్టిందని, పదిమందిలో తన పేరు పలికిందని, రెంటికీ కోపమే! కనకవ్వ వండి పెడుతుంది, అతను తిని వెళ్తాడు. కరుణ మాత్రం తక్కువా? నల్లా దగ్గర కనకవ్వ ఎదురైతే బిందె తీసుకుని పక్కకు జరుగుతుంది. ఆ రోజు కొంగు కిందికి లాక్కుని నిలబడ్డ కనకవ్వ ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు.

జనవరిలో మళ్ళీ కరోనా కేసులు పెరిగాయి. పి.ఎఫ్. కాగితం కోసం కరుణ కూతురితో కేంద్రానికి వెళ్తే, పని అయ్యాక సంధ్య కలం మూయలేదు.

"అక్కా, ఇంకో పని మిగిలింది. నీ సొంత కాగితం. నీకున్నది ఎవరికి పోవాలె, బ్యాంకుల నామినీ ఎవరు, అన్నింటికన్న ముఖ్యం, నీకేమన్నా అయితే రుచిత ఎవరి దగ్గర ఉండాలె. పదమూడేండ్ల పిల్ల. వీలునామా రాసుకో. ఖర్చేం కాదు. ఇద్దరు సాక్షులు చాలు."

"నేను బతికుండంగనే సావు కాగితమా మేడం! ఇంక నన్ను ఏం చూడమంటున్నవ్!"

"మీ ఆయన రాయలేదు గదక్కా" అంది సంధ్య.

కరుణ బల్ల దగ్గరికి జరిగి, "రాయి" అంది. ఉన్నదంతా చెప్పింది. ఎంతసేపు చెప్పినా అర పేజీ కాలేదు. పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. అన్న రాజమల్లు... ఫోనెత్తడు. సంఘం పెద్ద... పిల్లను మూటగట్టి ఎవరికో అంటగడతాడు. బావ... ఆ గదిలో గోడ వైపు చూస్తూ అన్న మాట చెవుల్లో మోగింది.

"కనకవ్వ పేరు రాయి" అంది.

రుచిత గిర్రున తిరిగింది. "పెద్దమ్మనా? మమ్మీ! ఆమె మన పింఛను తీసుకోబోయింది! క్యా హో గయా తుమ్‌కో, ఏమైంది నీకు? నువ్వు ఆమెతోని మాట్లాడవు కూడా!"

"మాట్లాడ. మాఫ్ చెయ్యలే బిడ్డా, ఈ జన్మల చేస్తనో లేదో. గానీ ఆకలి మీదున్నా ఒక్క అబద్ధం నోట్లకెళ్ళి రాకపాయె గామెకు. నేను లేనినాడు నీకు గసుంటిది ఒక్కతి ఉండాలె."

రుచిత పెదవి కొరుక్కుని కిటికీలోంచి బయటికి చూసింది. సంధ్య రాస్తూ అడిగింది. "వరుస ఏమని రాయాలె అక్కా? పిల్లకు పెద్దమ్మ. నీకు? అక్క అని రాస్తే పని సులువైతది, ఎవరూ ఎక్కువ అడగరు."

కరుణ కళ్ళనీళ్ళు కొంగుతో గట్టిగా తుడుచుకుంది.

"వద్దు మేడం. తోటికోడలు అనే రాయి. మా ఇంట్ల ఈ ఒక్క కాగితమన్నా ఉన్నది ఉన్నట్టు రాయి."